డ్రమ్ముల్లో వేట

జగ్గారావుకు సముద్రం పడలేదు. భీమునిపట్నంలో పుట్టిన జాలరి బిడ్డ గురించి ఈ మాట చెప్పాలంటే చెప్పేవాళ్ళకే నోరు రాదు. పద్నాలుగో ఏట తండ్రి మొదటిసారి వేటకు తీసుకెళ్ళాడు. ఒడ్డు కనుమరుగు కాకముందే పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది. పడవ అంచు పట్టుకుని కక్కుతూనే ఉన్నాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. గంగమ్మకు కోడిని కోశారు, మొలకు తాయెత్తు కట్టారు, అల్లం ముక్కలు నమిలించారు. దేనికీ లొంగలేదు ఆ వికారం. చివరికి తండ్రి, "ఈడికి నీల్లు అచ్చిరాలేదు. ఏదో ఒక ఒడ్డు పని సూపించు," అని మేనమామకు అప్పగించి వైజాగ్ బస్సు ఎక్కించాడు.

హార్బర్లో కొన్నేళ్ళు ఐసు గడ్డలు మోశాడు. తరవాత కార్పొరేషన్ వాళ్ళ మలేరియా విభాగంలో కాంట్రాక్టు పని దొరికింది. భుజాన మందు కొట్టే డబ్బా, చేతిలో పొడుగు కాడ గరిటె, జేబులో టార్చిలైటు. వన్ టౌన్ సందుల్లో ఇంటింటికీ వెళ్ళి, డ్రమ్ముల్లో, తొట్లలో, మేడల మీద పడేసిన టైర్లలో గరిటె ముంచి, లైటు వేసి చూడాలి. తోకాడిస్తూ దోమ పురుగులు కనిపిస్తే ఆ నీళ్ళు పారబోయించాలి, లేదా మందు వెయ్యాలి. పాతికేళ్ళుగా అదే పని. అదే తన జాలరి మనుషులకు మంచి వేళాకోళమైంది. వరసకు బావమరిదైన కన్నబాబు, బోటు మీద పనిచేసేవాడు, ఎవరు కొత్తగా కనిపించినా చెప్పేవాడు. "మా బావ కూడా ఏటకెల్తాడు. కాకపోతే డ్రమ్ముల్లోకి ఎల్తాడు."

జగ్గారావు నవ్వేసి ఊరుకునేవాడు. కోపం రాక కాదు, ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి.

జగ్గారావూ కన్నబాబూ ఉండేది వన్ టౌన్లోని తెడ్ల సందు. ఒకవైపు జాలరి కుటుంబాలు, ఒకవైపు ముస్లిం కుటుంబాలు, మధ్యలో ఒక ఆటో అతికష్టం మీద పట్టే దారి. కిందటేడు వానాకాలంలో ఆ సందులో జగ్గారావు మేనకోడలు సూర్యకళ చచ్చిపోయింది. ఆరో నెల కడుపుతో ఉంది. మామూలు జ్వరమే అనుకున్నారు. మాత్రలు వేసుకుని చేపలు కూడా శుభ్రం చేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి డెంగీ ముదిరిపోయింది. తల్లీ లోపలి బిడ్డా ఇద్దరూ దక్కలేదు. దినం అయిన మర్నాడు జగ్గారావు ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళి టార్చి వేసి వెతికాడు. ఎవరూ వాడని రుబ్బురోలు ఒకటి మూలన పడి ఉంది. దాని గుంతలో దోసెడు వాన నీళ్ళు. ఆ దోసెడు నీళ్ళలో దోమ పురుగులు కుప్పలు కుప్పలుగా ఆడుతున్నాయి. రోలు బోర్లించి, దాని మీదే కూర్చుని, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. చిన్నప్పుడు మావయ్యా అంటూ అతని గరిటె పట్టుకుని వెంట తిరిగిన పిల్ల.

అప్పటినుంచి అతని పని తీరు మారింది. జీతానికి చేసే పని కాస్తా పంతం అయింది.

తరవాతి మే నెలలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. సరిహద్దు ఎక్కడో ఉంది గానీ, నేవీ ఉన్న ఊరు కాబట్టి వైజాగ్ వాళ్ళకు యుద్ధమంటే పక్కింటి గొడవలాంటిదే. మధ్యాహ్నాలు సైరన్లు మోగించి, ఎక్కడ దాక్కోవాలో నేర్పించారు. దీపాలు ఆర్పమన్నారు. పైగా అది చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు పెట్టే వేట నిషేధం కాలం. బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నాయి, మగవాళ్ళంతా అరుగుల మీద ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒక ఫోన్లో పుట్టిన పుకారు మరో ఫోన్లోకి వెళ్ళేసరికి తోకా కొమ్ములూ మొలిచేవి. నీటి గొట్టాలు పేల్చేస్తారట అన్నారు. కుళాయిలు నెల రోజులు బందట అన్నారు. కురుపాం మార్కెట్లో ప్లాస్టిక్ డ్రమ్ములు దొరక్కుండా పోయాయి. చూస్తుండగానే తెడ్ల సందులో ఈ కొసనుంచి ఆ కొసదాకా గోడల వెంట నీలం డ్రమ్ములు బారులు తీరాయి. డ్రమ్ము దొరకనివాళ్ళు బిందెలు, బకెట్లు, పెళ్ళి వంటల గంగాళాలు కూడా నింపి పెట్టుకున్నారు.

ఆ వరస చూసి జగ్గారావు గుండె జారిపోయింది. బాంబు పడుతుందో లేదో తెలియదు. ఇన్ని నీళ్ళు ఇలా నిలవుంటే వానలు పడేనాటికి సందులో దోమల దండు దిగడం మాత్రం ఖాయం.

మొదట చిట్టెమ్మ ఇంటికి వెళ్ళాడు. ఎండుచేపలు అమ్మే మనిషి, జాలరుల వైపు అందరికీ అప్ప, అంటే పెద్దక్క. అక్కడ ఆమె మాటే మాట.

"అప్పా, ఈ నీల్లు వారానికోసారి పారబోసి డ్రమ్ము తోమాల," అన్నాడు.

"పారబొయ్యాలా? రేపు గొట్టాలు పగిలిపోతే నువ్వు తెచ్చి పోత్తావేటి?"

"పోనీ మందేత్తాను. తాగినా ఏటీ కాదు, సర్కారు మందే."

చిట్టెమ్మ డ్రమ్ము మూత మీద చెయ్యి వేసి నిలబడింది. "ఒరే జగ్గా, నువ్వు మంచోడివే. కానీ యుద్దం టైములో తాగే నీల్లలో మందేయించుకునేంత ఎర్రిదాన్ని కాదు నాను. ఎల్లు."

ఎదురు వరసలో షరీఫున్నీసా ఇంట్లోనూ అదే జవాబు వచ్చింది, కాకపోతే మర్యాదగా. ఆమె భర్త గులాం మొహమ్మద్ మోటార్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక కొడుకు అల్తాఫ్ ఆ దుకాణం నడుపుతున్నాడు. "జగ్గా బాబూ, కోడలు వట్టి మనిషి కాదు. నీళ్ళు లేకపోతే దాన్ని ఎక్కడికని తీసుకెళ్ళను? కొంచెం రోజులు వదిలెయ్యి," అంది షరీఫున్నీసా. కోడలు మెహక్ అప్పుడే నడుం మీద చెయ్యి పెట్టుకుని డ్రమ్ముల పక్కనుంచి లోపలికి వెళ్తోంది. ఆరో నెల. జగ్గారావుకు ఆ నడకలో సూర్యకళ కనిపించింది. బయటికి వచ్చేశాడు.

నేరుగా పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టర్ సుధారాణి ముందు నిలబడ్డాడు. ఆమె అతని మాటంతా విని కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"భయపడి దాచుకున్న నీళ్ళు మనం పారబోయించలేం జగ్గారావూ. నేనైనా పారబొయ్యను. మందూ వద్దంటున్నారు. ఇంక మన దగ్గర ఏముంది?"

"కొండ కింద పాత బావిలో సేపలున్నాయమ్మా," అన్నాడు జగ్గారావు.

ఆమెకు వెంటనే అర్థమైంది. దోమ పురుగుల్ని తినే చిన్న చేపలు, గోరంత పొడుగు ఉంటాయి, బూడిద రంగు. ఎప్పుడో విభాగం వాళ్ళు బావుల్లో, చెరువుల్లో వదిలారు. "డ్రమ్ముల్లో బతుకుతాయా?"

"ఎండ తగలకుండా సూసుకుంటే బతుకుతాయమ్మా."

"మందు వద్దన్నవాళ్ళు చేపలు వేయనిస్తారా?"

"ఏమోనమ్మా. సేపలోల్ల ఇల్లే కదా సగం."

డాక్టర్ సుధారాణి నవ్వింది. "అయితే ముందు ఆ సగం చూడు. మిగతా సగానికి నేను వస్తాను."

మర్నాడు తెల్లవారాక జగ్గారావు భార్య చేత పాత దోమతెర ముక్కను వెదురు చట్రానికి కుట్టించుకుని బావి దగ్గరికి వెళ్ళాడు. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల ముంచాడు. పైకి లాగితే వలలో చిన్న వెండి తళుకులు. పుట్టి బుద్ధెరిగాక అతను పట్టిన మొదటి చేపలు అవే. ఒంటరిగా ఉన్నాడు కాబట్టి కాసేపు సిగ్గు లేకుండా మురిసిపోయాడు. మూత ఉన్న క్యాను నిండా చేపలతో సందుకు వచ్చాడు.

చిట్టెమ్మ క్యానులోకి తొంగి చూసింది. "ఇయ్యేటి, మెత్తళ్ళ పిల్లలా?"

"దోమ పురుగుల్ని తింటాయి అప్పా. మందు కాదు, మాకు కాదు. సేప."

"సేపంటే సరే," అంది చిట్టెమ్మ. పుట్టినప్పటినుంచి చేపను కాదన్న మనిషి కాదామె. డ్రమ్ము మూత తీసింది. జగ్గారావు పది చేపలు వదిలాడు. అవి గిరగిరా ఒక చుట్టు తిరిగి అడుక్కు దిగాయి. అతను సంబరంగా మిగతా ఇళ్ళవైపు నడిచాడు. ఆ సంబరంలో, ఆ నీళ్ళు ఎప్పుడు పట్టినవో అడగడం మరిచిపోయాడు.

ఆ మధ్యాహ్నం సైరన్ మోగింది. కసరత్తు మాత్రమేనని ముందే మైకుల్లో చెప్పారు. అయినా జనం అరుగుల మీదికి వచ్చారు. చిట్టెమ్మ మంచినీళ్ళ కోసం డ్రమ్ము మూత తీసి, అలాగే నిలబడిపోయింది. పది చేపలూ వెల్లకిలా తేలి ఉన్నాయి.

"నీల్లలో ఏదో కలిసినాది," అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం ఆ సందులో ఎవరూ ఎరగరు. అందుకే అందరూ పరుగెత్తుకొచ్చారు.

జాలరుల వైపు నీళ్ళు వచ్చేది వాళ్ళ సంఘం ట్యాంకు నుంచి. వాడగా తగ్గిన డ్రమ్మును చిట్టెమ్మ ఆ పొద్దున్నే ఆ నీళ్ళతోనే నింపింది. ముందురోజు దాని మోటారు చెడిపోతే బాగుచేసింది అల్తాఫ్. ఈ సంగతి కన్నబాబుకు గుర్తొచ్చింది. "నిన్న ట్యాంకు మూత తీసిందెవులు?" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పది తలకాయలు ఒక్కసారి ఎదురు వరసకు తిరిగాయి. దుకాణం ముందు స్పానర్ పట్టుకుని కూర్చున్న అల్తాఫ్ లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో "పోలీసోల్లకి ఫోన్ సెయ్యండి" అన్నారు. ఎవరో "ముందు ఈణ్ణి పట్టుకోండి" అన్నారు. లోపలినుంచి మెహక్ గుమ్మం దాకా వచ్చి, షరీఫున్నీసా భుజం పట్టుకుంది.

సందు మొదట్లో ఉన్న జగ్గారావుకు కబురందింది. అతను గుంపుల్లో మాట్లాడే మనిషి కాదు. అరిచే మనిషి అసలే కాదు. భుజాన క్యానుతో అలాగే జనాన్ని తోసుకుంటూ వచ్చి, దారి మధ్యలో, అల్తాఫ్‌కూ గుంపుకూ నడుమ నిలబడ్డాడు.

"ఆగండి. ఆ కుర్రోడికేటి సంబందం? సేపలేసింది నాను. నీల్లు ఎప్పుడు పట్టినారో అడక్కుండా ఏసినాను. సచ్చిపోనాయంటే నా తప్పు."

"నువ్వు తప్పుకో బావా," అన్నాడు కన్నబాబు. "నీల్లలో ఇసం ఉంది."

"ఉందేటి? సూద్దాం." చిట్టెమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని, డ్రమ్ములో ముంచి, చచ్చిన చేపను వేలితో పక్కకు నెట్టి గటగటా తాగేశాడు. ఎవరో ఆడమనిషి కళ్ళు మూసుకుంది. నీళ్ళు గొంతులో చురుక్కుమన్నాయి. ముక్కుదాకా ఘాటు వచ్చింది. జగ్గారావు గ్లాసు కిందపెట్టి దగ్గాడు.

"బ్లీచింగ్ కొడతంది," అన్నాడు. "బాగా కొడతంది. ట్యాంకులో బ్లీచింగ్ ఎవులేసినారు?"

సైరన్ కూత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కన్నబాబు ముఖం నెమ్మదిగా రంగు మారడం అందరూ చూశారు.

"నానే," అన్నాడు. "పొద్దున్న. నీల్లు శుద్ది సేసుకోమని ఫోన్లో ఒచ్చింది. ఒక డబ్బా సరిపోద్దో లేదో అని మూడు డబ్బాలేసినాను."

జగ్గారావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పనే సేసావు బావా. కొంచెం ఎక్కువ సేసావు. మనుసులకి పరవాలేదు, సేప తట్టుకోలేదు. రెండ్రోజులు మూత తీసి ఉంచితే ఆ ఘాటు పోద్ది."

అయినా జనం కదల్లేదు. బ్లీచింగో విషమో ఇంకాసేపట్లో తేలుతుంది కదా అని చూస్తున్నారు. జగ్గారావుకు విషయం అర్థమై చిట్టెమ్మ అరుగు మీద కూర్చున్నాడు. షరీఫున్నీసా లోపలికి వెళ్ళి టీ తెచ్చి అందరి ముందే అతని చేతికిచ్చింది. అతను తీరిగ్గా ఊదుకుంటూ తాగాడు. సందు సందంతా అతని ముఖంలోకే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి చిట్టెమ్మ విసిగిపోయి, "సావలేదు గదా, ఇంక లెగండి," అని జనాన్ని తరిమింది. తరవాత కన్నబాబు వైపు తిరిగింది. "సేపలు సచ్చినాయి, పోనీ. వాటి పేరు సెప్పి ఒక ఇంటి బిడ్డ మీద పడబోనాం. ఆ మాట మర్సిపోకు."

అల్తాఫ్ ఆ రోజు షట్టర్ దించేశాడు. మర్నాడు కూడా తియ్యలేదు. మోటారు మళ్ళీ మొరాయించింది, కానీ అతన్ని పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. మూడోరోజు పొద్దున్నే కన్నబాబు వెళ్ళి షట్టర్ తట్టాడు.

"తమ్ముడూ, నిన్ను ఆ మాట అన్నాను. అనకూడదు. నీకు కోపం తీరేదాకా తిట్టు, ఇంటాను."

అల్తాఫ్ షట్టర్ పైకెత్తాడు. తరవాత సంచి భుజానికి తగిలించుకుని ట్యాంకు దగ్గరికి నడిచాడు. మోటారు విప్పి, ఒక కొస కన్నబాబు చేతికిచ్చాడు. "గట్టిగా పట్టుకో అన్నా, బరువుంది," అన్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా ఆ పని మీదే ఉన్నారు.

అదే రోజు జగ్గారావు మళ్ళీ చేపలు తెచ్చాడు. ఈసారి ప్రతి ఇంట్లో ముందు వాసన చూశాడు, అడిగాడు, ఘాటు పోయిన నీళ్ళలోనే వదిలాడు. డాక్టర్ సుధారాణి అన్న మాట ప్రకారం వచ్చి, షరీఫున్నీసా ఇంటి గడప మీద కూర్చుని ఆడవాళ్ళకు చెప్పింది. "తాగేటప్పుడు వడగట్టి కాచుకోండి. మిగతా పని చేప చూసుకుంటుంది." షరీఫున్నీసా ఒక గాజు సీసాలో నీళ్ళు పోయించి, నాలుగు చేపలు వేయించి, కిటికీలో పెట్టుకుంది. జగ్గారావు ఆ సీసాలో గరిటెడు దోమ పురుగులు వేశాడు. చేపలు వాటి వెంటపడి ఒక్కొక్కటే గుటుక్కున మింగుతుంటే, ఆడవాళ్ళు సీరియల్ చూసినట్టు చూశారు.

తరవాత ఎవరూ అనుకోని తమాషా జరిగింది. నీళ్ళలో విషం కలుపుతారన్న భయం పూర్తిగా పోలేదు, ఫోన్లు కొత్త కథలు చెబుతూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు ప్రతి డ్రమ్ములో కాపలా ఉంది. చిట్టెమ్మ పొద్దున్నే మూత తీసి చూసి, సందంతా వినేలా చెప్పేది. "తిరుగుతున్నాయి. నీల్లు తాగొచ్చు." ఎదురు వరసలో షరీఫున్నీసా కిటికీలోంచి, "మావి కూడా జిందాగా ఉన్నాయి," అనేది. టీవీ ఏం చెప్పినా, తెడ్ల సందుకు అసలు వార్త అదే.

యుద్ధం కొద్ది రోజుల్లోనే ఆగింది. డ్రమ్ములు మాత్రం కదల్లేదు. నింపుకున్న నీళ్ళు వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. చేపల్ని వదులుకోవడం అంతకంటే ఇష్టం లేకపోయింది. అవి పిల్లల్ని పెట్టాయి. చిట్టెమ్మ డ్రమ్ములోవి పక్కింటికి, పక్కింటివి పై సందుకు వెళ్ళాయి. పనిలేక ఉన్న కన్నబాబు తన బోటు వాళ్ళను వెంటేసుకుని బావి దగ్గరికి వచ్చాడు. సముద్రంలో టన్నులు పట్టిన చేతులు దోమతెర ముక్కతో గోరంత చేపలు పట్టడానికి తెగ తిప్పలు పడ్డాయి.

"మెల్లగా లాగాల," అని జగ్గారావు నేర్పించాడు. "తొందరపడితే రావు."

వాళ్ళు విన్నారు. వేట నిషేధం ముగిసేలోగా ఆ చుట్టుపక్కల సందులన్నీ తిరిగి చేపలు పంచారు. బోట్లకు రక్షణగా వేలాడదీసే పాత టైర్లలో వాన నీళ్ళు నిలవకుండా ప్రతి టైరుకూ అడుగున కన్నం కొట్టారు. ఆ పని కన్నబాబుకు తనంతట తానే తోచింది. జగ్గారావు ఆ టైర్ల వరస చూసిన రోజు ఇంటికి వెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

జూలైలో వానలు గట్టిగా పట్టాయి. ఊళ్ళో అక్కడక్కడా జ్వరాలు మొదలయ్యాయి. ఆగస్టులో, మెహక్‌కు తొమ్మిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం ఒళ్ళు కాలిపోతోందని అల్తాఫ్ పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, జొరం. నొప్పులు కూడా అంటోంది."

జగ్గారావు వాకిట్లోకి పరుగెత్తాడు. బయట కుండపోత. సందులో మోకాలి లోతు నీళ్ళు, ఆటో వచ్చే దారి లేదు. అతను దారి వెతుకుతుండగానే కన్నబాబు రెండు తెడ్లు తెచ్చాడు. షరీఫున్నీసా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీకి వాటిని రెండు వైపులా తాళ్ళతో బిగించి కట్టాడు. మెహక్‌ను కూర్చోబెట్టి, నలుగురు జాలర్లు భుజాలకెత్తుకున్నారు. అల్తాఫ్ గొడుగు పట్టాడు. చిట్టెమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి ముందు నడుస్తూ ఎక్కడ గుంత ఉందో కాలితో తడిమి చెప్పింది. అలలో బోటు మొయ్యడం అలవాటైన భుజాలు. కుర్చీ తొణకలేదు.

ఆడవాళ్ళ ఘోషా ఆసుపత్రిలో రక్తం పరీక్షకు పంపారు. వరండాలో బల్ల మీద షరీఫున్నీసా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. పక్కన చిట్టెమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, తడి బట్టలతోనే కూర్చుంది. జగ్గారావు కూర్చోలేదు. కిందటేడు ఇలాంటి వరండాలోనే నిలబడ్డాడు. అప్పుడు బయటికి వచ్చిన నర్సు ముఖం చూసే విషయం తెలిసిపోయింది. ఇప్పుడు తలుపు కదిలిన ప్రతిసారీ అతను కళ్ళు దించుకుంటున్నాడు.

తలుపు తెరుచుకుంది. "డెంగీ కాదు," అంది నర్సు. "గొంతు పట్టేసింది, దానివల్ల జ్వరం. కాన్పు మాత్రం ఇవాళే. మనుషులు వెళ్ళిపోకండి."

షరీఫున్నీసా చేతులు పైకెత్తింది. చిట్టెమ్మ, "కాదంట, ఇన్నావా, కాదంట," అని ఆమెను కుదిపింది. జగ్గారావు అప్పుడు కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక లోపలినుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, గదిలో పట్టనంత పెద్దదైంది. ఆడపిల్ల. బొద్దుగా ఉంది, తల్లి క్షేమం. షరీఫున్నీసా మనవరాలిని గుడ్డలో చుట్టి తెచ్చి, ముందు చిట్టెమ్మకు చూపించి, తరవాత జగ్గారావు చేతుల్లో పెట్టబోయింది. అతను వెనక్కి తగ్గాడు.

"నా సేతులు మందు వాసనేత్తాయి బీబమ్మగారూ."

"వెయ్యనీ," అందామె.

బిడ్డను అందుకున్నాడు. బరువు అనుకున్నదానికంటే ఎక్కువుంది. గుప్పిళ్ళు బిగించి, ఈ ఊరంతా తనదే అన్నట్టు అరుస్తోంది. సూర్యకళ కడుపులోని బిడ్డను అతను చూడలేదు. ఆ బాధ ఎక్కడికీ పోలేదు, పోదు కూడా. కానీ దాని పక్కనే, దాన్ని తోసుకుంటూ, ఇంకొకటి వచ్చి కూర్చుంది. గట్టిగా నవ్వాలనిపించింది. నవ్వాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఆ వానాకాలం ముగిసేసరికి తెడ్ల సందులో జ్వరంతో ఒక్కరూ పోలేదు. డెంగీ వచ్చినవాళ్ళు లేకపోలేదు. బయటి ఊళ్ళు తిరిగొచ్చిన ఇద్దరికి వచ్చింది, తగ్గింది. వాళ్ళ జ్వరం పక్కింటికి పాకలేదు, అదీ గెలుపు. దసరా తరవాత డాక్టర్ సుధారాణి ఆరోగ్య కేంద్రం ముందు షామియానా వేయించి చుట్టుపక్కల సందుల వాళ్ళందరినీ పిలిచింది. ఆ ఏడు పుట్టిన పిల్లల్ని తల్లులు ఎత్తుకొచ్చారు. ఒకడు మైకు తీగ నమిలాడు. అల్తాఫ్ కూతురు మొదటినుంచి చివరిదాకా నిద్రపోయింది. జగ్గారావును మాట్లాడమంటే లేచి, "మూతలు ఏసుకోండి," అని కూర్చున్నాడు. జనం చప్పట్లు ఆపడానికి చాలాసేపు పట్టింది. అందరికంటే గట్టిగా ఈలవేసింది కన్నబాబు.

ఆ కబురు ఊరు దాటింది. తగరపువలస సంత దగ్గరి కాలనీ వాళ్ళు తమకూ ఆ చేపలు కావాలని డాక్టర్‌ను అడిగారు. ఒక ఆదివారం జగ్గారావు రెండు క్యాన్లతో బస్సు ఎక్కాడు. కండక్టర్ ఏమిటవి అంటే చేపలన్నాడు. వాసన లేదేమిటంటే బతికున్నాయి కదా అన్నాడు. సంత పక్క వేపచెట్టు కింద డ్రమ్ము పెట్టించి, చుట్టూ మూగిన ఆడవాళ్ళ ముందు పురుగులు వేసి, చేపలు వదిలి చూపించాడు. వేటగాడు వల విసిరినట్టు నిండుగా, బెదురు లేకుండా నిలబడి ఉన్నాడు. అందరూ నోరు తెరుచుకుని చూస్తుండగా, ముందు వరసలో ఒక ముసలమ్మ డ్రమ్ములోకి వంగి, బాగా పరిశీలించి అడిగింది.

"అంతా బాగుంది గానీ నాయనా, ఇయ్యి పెద్దయ్యాక పులుసుకి పనికొత్తాయా?"

"పెద్దవ్వవమ్మా," అన్నాడు జగ్గారావు. "ఇంతే ఉంటాయి. పులుసుకి సంతలో కొనుక్కో. వీటిని మాత్రం కడుపారా తిననీ."

ముసలమ్మ కొంగులోంచి గ్లాసు తీసి ముందుకు చాపింది. "అయితే నాకు నాలుగెయ్యి," అంది.

ఆమె వెనక బారు సంత చివరిదాకా ఉంది.